నీళ్లే అసలు బరువు

పల్నాడులో మాచర్ల, గురజాల వైపు బస్సులో వెళ్తున్నప్పుడు మందను తోలుకెళ్లే గొర్రెల కాపరి కనిపిస్తే ఒక్క నిమిషం అతని సామాను చూడండి. భుజాన మడిచిన గొంగడి, చేతిలో కర్ర, సద్ది మూట, ఒక నీళ్ల సీసా. వెనకటి రోజుల్లో ఆ సీసా చోట ఎండిన సొరబుర్ర ఉండేది. ఇల్లు వదిలి రోజుల తరబడి మంద వెంట తిరిగే మనిషి సామాను అంతా అదే. గొంగడి అతనికి చలికి దుప్పటి, వానకు కొప్పెర, రాతి నేల మీద పరుపు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను లోపలికి పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. పోగుల మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఒకే వస్తువు మూడు పనులు చేస్తే రెండు వస్తువుల బరువు తగ్గినట్టే.

పాశ్చాత్య దేశాల్లో ‘అల్ట్రాలైట్’ అని పేరుబడ్డ పద్ధతి మూలసూత్రం కూడా ఇదే. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికన్ మామ్మ, సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, కాన్వాస్ బూట్లతో 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచి పూర్తిచేసింది. 1992లో రే జార్డిన్ అనే ఇంజనీరు రాసిన పుస్తకంతో ఆ తరహా నడకకు ఒక శాస్త్రం, ఒక లెక్క ఏర్పడ్డాయి. తిండి, నీళ్లు, ఇంధనం మినహాయించి మిగిలిన సామాను బరువును ‘బేస్ వెయిట్’ అంటారు. అది సుమారు నాలుగున్నర కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్. తొమ్మిది కిలోలు దాటితే పాత తరహా బ్యాక్‌ప్యాకింగ్.

ఇప్పుడు మన నగరాల్లోనూ కొండలెక్కే కుర్రకారు ఈ తేలిక పద్ధతిని ఇష్టంగా నేర్చుకుంటున్నారు. గుడారం బదులు పల్చటి టార్పాలిన్, ఫ్రేము లేని సంచి, నురుగు చాప బదులు గాలి పరుపు. అయితే పల్నాడు లాంటి సీమలో రెండు మూడుసార్లు తిరిగాక వాళ్లలో చాలామందికి మళ్లీ బరువైన పాత పద్ధతే నయమనిపిస్తుంది. ఇది వెనకడుగు కాదని ఈ అధ్యాయంలో చూపించాలని నా ప్రయత్నం. దీనికి కారణాలు మన కండరాల్లో, మన చెమటలో, పల్నాటి రాతిలో ఉన్నాయి.

మన బరువు ఎవరు మోస్తున్నారు?

ముందు కాపరి సంగతే మళ్లీ చూద్దాం. అతని మూట అంత చిన్నదిగా ఎందుకు ఉంది? రైతులు తమ చేలల్లో గొర్రెల మంద కట్టించుకుంటారు. రాత్రంతా మంద పడుకుంటే పెంట, మూత్రం పొలానికి ఎరువవుతాయి. బదులుగా కాపరికి గింజలో, డబ్బో, అన్నమో ముడుతుంది. ఏ చెరువులో ఎప్పుడు నీళ్లుంటాయో, ఏ బావి తియ్యనో అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. అతని తిండి రైతు ఇంట్లో, అతని నీళ్లు ఊరి బావిలో, అతని దారి పటం అతని బుర్రలో ఉన్నాయి. వీపు మీద ఉన్నది మిగిలిన కొద్ది భాగమే.

శివరాత్రికి, ఉగాదికి నల్లమల అడవిలోంచి శ్రీశైలం నడిచి వెళ్లే భక్తులను చూసినా ఇదే తెలుస్తుంది. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం దాకా సాగే ఆ అడవి దారిలో వేలమంది చిన్న చేతిసంచితో నడుస్తారు. ఆ రోజుల్లో దారి పొడవునా నీళ్లు, అన్నం, మజ్జిగ, వైద్యం ఏర్పాటవుతాయి. అంటే ఒక్కో భక్తుడు మోయాల్సిన నాలుగైదు కిలోలు అప్పటికే ఎవరో ట్రాక్టరు మీదో, నెత్తి మీదో అక్కడికి చేర్చి పెట్టారన్నమాట.

బరువు మాయమవదు, చేతులు మారుతుంది. తేలిక సంచి మన తెలివికి ఎంత గుర్తో, దారిలో మనకు అందే సాయానికీ అంత గుర్తు. ఆ సాయం లేని చోట, లేని కాలంలో, అదే బరువు తిరిగి మన వీపు మీదికే రావాలి. పల్నాడులో ఊళ్లు దాటి గట్లమీదికి, కొండవాలుల్లోకి వెళ్లినవాడికి అలా తిరిగి వచ్చే మొదటి బరువు నీళ్లు.

ఒంటి లెక్క

బరువు మోస్తే ఒంటికి ఎంత ఖర్చు? 1977లో అమెరికా సైనిక పరిశోధకులు పాండోల్ఫ్, గివోని, గోల్డ్‌మన్ దీనికి ఒక సూత్రం ఇచ్చారు. మనిషి బరువు, మోత, వేగం, ఎక్కుడు, నేల తీరు చెబితే ఒంట్లో సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతుందో ఆ సూత్రం చెబుతుంది. కొన్ని సందర్భాల్లో అది అసలు ఖర్చుకన్నా తక్కువ చూపిస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అయినా పోల్చి చూసుకోవడానికి నేటికీ పనికొస్తుంది.

70 కిలోల మనిషి చదునైన గట్టి దారి మీద గంటకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడనుకుందాం. వట్టి చేతులతో నడిస్తే అతని ఖర్చు దాదాపు 269 వాట్లు. 7 కిలోలు మోస్తే 287. 14 కిలోలకు 309. 21 కిలోలకు 335. 28 కిలోలకు 366. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, తన బరువులో ఐదోవంతు మోసినా ఖర్చు పెరిగింది 15 శాతమే. మన కాళ్లు పుట్టిందే మోయడానికి అన్నట్టుంది ఆ లెక్క. రెండోది, ప్రతి ఏడు కిలోల మెట్టుకూ పెరిగే ఖర్చు మొదట 18 వాట్లు, తర్వాత 22, 26, 31. మోత పెరిగేకొద్దీ తర్వాతి కిలో ఇంకాస్త ఖరీదవుతుంది. పావు వంతు దాటాక జాగ్రత్త పడాలనే పాత అనుభవానికి ఆధారం ఇదే.

ఎక్కుడు మొదలైతే లెక్క మారుతుంది. పది మీటర్లకు ఒక మీటరు లేచే వాలులో అదే వేగంతో నడిస్తే వట్టి మనిషికే 575 వాట్లు కావాలి. చదునులో 14 కిలోల మోత 40 వాట్లు అదనంగా అడిగితే, ఇక్కడ వంద వాట్లు అడుగుతుంది. కోటప్పకొండ మెట్లు చంకన బిడ్డతో ఎక్కిన తల్లిని అడిగితే ఏ సూత్రమూ లేకుండానే ఈ మాట చెబుతుంది. దీనికి విరుగుడు కూడా ఆమెకు తెలుసు: వేగం తగ్గించడం.

చెమట లెక్క

వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ అంటే తరచూ వినిపించే పేరు రెంటచింతల. మాచర్లకు, గురజాలకు పొరుగూరు. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉంటే ఒంటి వేడిని కొంత తీసుకుపోతుంది. గాలి 42 డిగ్రీలైతే ఆ దారి మూసుకుపోయి, గాలే ఒంటికి వేడి ఇవ్వడం మొదలుపెడుతుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆరడం.

ఒక గ్రాము చెమట చర్మం మీద ఆరితే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి పోతుంది. చదునులో నడిచే మనిషి ఖర్చుచేసే శక్తి దాదాపు అంతా చివరికి వేడే అవుతుంది. 335 వాట్ల వేడిని చెమటతోనే వదిలించుకోవాలంటే గంటకు అర లీటరు ఆరాలి. దానికి ఎండ నుంచి, కాగిన నాపరాళ్ల నుంచి ఒంటికి వచ్చి చేరే వేడి తోడవుతుంది. ఆరకుండా నేల మీద కారిపోయే చెమట వృథా. అన్నీ కలిపితే గంటకు లీటరు దాకా పోవచ్చు. అందుకే మే నెల మధ్యాహ్నం ఇక్కడ ఏ పద్ధతిలోనూ నడవకూడదు. సంక్రాంతికి అటూ ఇటూ నడిచినా గంటకు అర లీటరు పక్కన పెట్టుకోవాల్సిందే.

ఉదయం బయల్దేరి, దారిలో ఒక రాత్రి పడుకుని, మరుసటి మధ్యాహ్నానికి నమ్మకంగా నీళ్లు దొరికే చోటికి చేరే నడక అనుకుందాం. మొదటి రోజు ఆరు గంటల నడకకు మూడు లీటర్లు. సాయంత్రం వంటకు, తాగడానికి, తెల్లవారి అవసరాలకు రెండున్నర. మర్నాడు మూడు గంటల నడకకు ఒకటిన్నర. మొత్తం ఏడు లీటర్లు, ఏడు కిలోలు. నాలుగున్నర కిలోల తేలిక సామానుకు ఈ నీళ్లు, ఒక కిలో తిండి కలిపితే పన్నెండున్నర కిలోలు. ఫ్రేము లేని తేలిక సంచులు ఏడెనిమిది కిలోల దాకా హాయిగా ఉంటాయి. అది దాటితే పట్టీలు భుజాల్లోకి దిగుతాయి. తేలిక పద్ధతి ఇక్కడ పట్టు తప్పేది ఈ నీళ్ల దగ్గరే.

‘బరువు ఎక్కువైతే చెమట ఎక్కువ, చెమట ఎక్కువైతే నీళ్లు ఎక్కువ కావాలి, ఇక లాభమేముంది?’ అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. 14 కిలోల నుంచి 21 కిలోలకు పెరిగినప్పుడు ఖర్చు 26 వాట్లు పెరిగింది, అంటే కిలోకు 4 వాట్ల లోపు. ఆరు గంటలకు అది 80 కిలోజౌళ్లు. ఆ వేడి వదిలించుకోవడానికి పట్టే చెమట 33 గ్రాములు. ఒక లీటరు నీటిని పొద్దంతా మోస్తే అది తన కూలి కింద 35 మిల్లీలీటర్లయినా తీసుకోదు. ఎక్కుడులో నడిచినా వంద దాటదు. మిగతాదంతా మన గొంతుకే. సంచిలో తన బరువును ఇంత నిజాయితీగా తిరిగి చెల్లించే వస్తువు మరొకటి లేదు.

‘దారిలో నీళ్లు పట్టుకోవచ్చు కదా’ అనేవాళ్లు పల్నాటి భూమిని అర్థం చేసుకోవాలి. ఇక్కడ నాపరాయి, సున్నపురాయి పరుచుకుని ఉన్నాయి. సున్నపురాయిని నీరు కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పగుళ్లలోంచి కిందికి దిగిపోతుంది. గుత్తికొండ బిలం లాంటి గుహలు అలా ఏర్పడినవే. పైన నేల ఎండి ఉంటే లోపల గుహలో నీళ్లుంటాయి. నాగులేరు, చంద్రవంక ఏర్లు వానాకాలంలో ఒకలా, మార్చిలో మరోలా ఉంటాయి. వానలప్పుడు ఎత్తిపోతల జలపాతం దగ్గర సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకే చంద్రవంకను చూసి వేసవి నడకకు ధీమా పెట్టుకోకూడదు. 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ కుడికాలువ ఈ సీమ బతుకు మార్చింది కానీ, దానిలోనూ ఏడాది పొడవునా నీళ్లు పారవు.

దొరికిన నీళ్లన్నీ తాగే నీళ్లూ కావు. చేతి ఫిల్టర్ చాలా క్రిములను ఆపుతుంది, మరిగించినా క్రిములు చస్తాయి. మిర్చి, పత్తి చేల నుంచి కాలువలోకి చేరే పురుగుమందును ఈ రెండూ పూర్తిగా తీయలేవు. కొన్ని ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే మంచినీళ్లు ఊళ్లోనే నింపుకుని మోసుకెళ్లడం ఇక్కడ చాదస్తం కాదు, ఆరోగ్యం. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి వట్టి నీళ్లే అదేపనిగా తాగకుండా, దారిలో ఇచ్చేవాళ్లుంటే ఉప్పు మజ్జిగ తాగండి, లేదంటే ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి.

ఎంత అన్నదానితో పాటు ఎక్కడ?

బరువు తప్పనప్పుడు దాన్ని ఒంటి మీద ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న. 1971లో దత్తా, రామనాథన్ అనే భారతీయ పరిశోధకులు ఒకే బరువును ఏడు రకాలుగా మోయించి ఆక్సిజన్ ఖర్చు కొలిచారు. ముందూ వెనకా సమంగా సర్దిన జంట సంచికి అన్నిటికన్నా తక్కువ పట్టింది. నెత్తి మోత దాని వెన్నంటే వచ్చింది, ఆ తర్వాత వీపు సంచి. కావడి వాటికన్నా ఖరీదైంది. రెండు చేతులతో వేలాడేసుకుని మోయడం జంట సంచికన్నా నలభై శాతానికి పైగా ఎక్కువ ఖర్చు పెట్టించింది.

దీన్నిబట్టి కావడి పనికిరానిదని కాదు. 1991లో రోజర్ క్రామ్ అనే శాస్త్రవేత్త వంగే బద్దలతో బరువు మోయించి చూశాడు. శక్తి ఆదా కాలేదు కానీ, అడుగడుగునా భుజం మీద పడే కుదుపు బాగా తగ్గింది. కావడి బద్ద ఊగుతుంటే భుజానికి ఎందుకు హాయో ఆ ప్రయోగం చెప్పింది. నెత్తి మోత నేర్పును 1986లో కెన్యా స్త్రీల మీద జరిగిన పరిశోధన చూపింది. తమ బరువులో ఐదోవంతు దాకా నెత్తిన మోసినా వాళ్లకు అదనపు శక్తి ఖర్చు కాలేదు. చుట్టకుదురు పెట్టుకుని బిందె మీద బిందె మోసే మన పల్లె స్త్రీల నడకలోనూ ఇలాంటి నేర్పు ఉండే ఉంటుంది. అది చిన్నప్పటి నుంచి అలవడాల్సిన విద్య. పెద్దయ్యాక వారం రోజుల్లో పట్టుబడదు.

2005లో నేపాల్‌లో నామ్చే బజారు సంతకు సరుకు మోసే కూలీలను కొలిచారు. మగవాళ్ల సగటు మోత వాళ్ల ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లది 66 శాతం. వాళ్లు మెల్లగా నడుస్తారు, కొద్ది దూరానికోసారి కర్రకు బుట్ట ఆనించి ఆగుతారు. ఆ మోత వెనక పేదరికం ఉందని మరచిపోకూడదు. దాన్ని ఆదర్శంగా తీసుకోనక్కర్లేదు. నిదానం, విరామం అనే రెండు పాఠాలు మాత్రం తీసుకోవాలి.

వీపు సంచికి వస్తే అసలు మలుపు 1952 ప్రాంతంలో వచ్చింది. అమెరికాలో డిక్ కెల్టీ అల్యూమినియం ఫ్రేముకు నడుం పట్టీ జోడించి సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. ఫ్రేము బరువును భుజాల నుంచి కిందికి దించుతుంది, నడుం పట్టీ దాన్ని తుంటి ఎముకల మీదికి, అక్కణ్నుంచి తొడ కండరాలకు అప్పగిస్తుంది. భుజం దగ్గర చేతికి వెళ్లే నరాల కట్ట ఉంటుంది. ఫ్రేము లేని బరువైన సంచి గంటల తరబడి దాన్ని నొక్కితే చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంది. దీనికి వైద్యంలో ‘రక్‌సాక్ పాల్సీ’ అని పేరే ఉంది. పది కిలోలు దాటే నడకకు ఫ్రేము, నడుం పట్టీ విలాసం కాదు.

సర్దడంలోనూ భౌతికశాస్త్రం ఉంది. నీళ్ల డబ్బా వెన్నుకు ఆనుకుని ఉంటే అది వెనక్కి లాగే బలం తక్కువ. అదే డబ్బా సంచి బయటి జేబులో, రెట్టింపు దూరాన ఉంటే ఆ లాగుడు కూడా రెట్టింపవుతుంది. దాన్ని సరిచేయడానికి మనిషి ముందుకు వంగి నడవాలి. కాబట్టి నీళ్లు వెన్నుకు దగ్గరగా, వీపు మధ్యన పెట్టుకోవాలి.

మరి తగ్గించాల్సిన బరువే లేదా? ఉంది, పాదాల దగ్గర. పాదానికి తొడిగిన ఒక కిలో, వీపు మీది నాలుగు నుంచి ఆరు కిలోలతో సమానమని ప్రయోగాలు చూపాయి. అడుగడుగునా దాన్ని ఎత్తి, ముందుకు విసిరి, ఆపాలి కదా. అల్ట్రాలైట్ పద్ధతి నేర్పిన తేలిక బూట్లను, ముల్లు దిగని అట్ట ఉన్నంతవరకు, పాత పద్ధతికి మారాక కూడా వదలక్కర్లేదు.

నేల ఒప్పుకోవాలి

గుడారం సంగతి నేలే తేలుస్తుంది. నాపరాయి మీద మేకు దిగదు. తుమ్మ, రేగు, సర్కారు తుమ్మ ముళ్లకు గాలి పరుపు నిలవదు. దాని బదులు నురుగు చాప నయం. ముల్లు గుచ్చుకున్నా అది చాపగానే ఉంటుంది.

అడుగు లేని టార్పాలిన్ కింద పడుకోవడం ఈ సీమలో ప్రమాదం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు చాలాసార్లు నేల మీద నిద్రపోతున్నవాళ్లకే పడుతుంది. నొప్పి పెద్దగా తెలియక నిద్రలోనే విషం ఎక్కుతుంది. నేపాల్ మైదానాల్లో జరిగిన ఒక అధ్యయనంలో దోమతెర కట్టుకుని పడుకున్నవాళ్లకు పాముకాటు ముప్పు చాలా తక్కువని తేలింది. అడుగు కుట్టి, జిప్పు వేసే గుడారం దోమతెర చేసే పనే చేస్తుంది, తేళ్లనూ ఆపుతుంది. అందుకు పెరిగే కిలో బరువు ప్రాణం పక్కన ఎంత?

ఇప్పుడు మొత్తం కూడండి. ఫ్రేము సంచి, మూసే గుడారం, నురుగు చాప చేరి బేస్ వెయిట్ నాలుగున్నర నుంచి ఎనిమిది కిలోలకు వచ్చిందనుకుందాం. నీళ్లు, తిండితో మోత పన్నెండున్నర నుంచి పదహారు కిలోలయింది. పాత సూత్రం ప్రకారం చదునులో ఖర్చు 304 వాట్ల నుంచి 316కు పెరిగింది. నాలుగు శాతం. ఆ నాలుగు శాతానికి బదులుగా భుజం నరాలు భద్రం, నిద్ర భద్రం, నీళ్లు భద్రం.

మారాలనుకునేవారికి

అన్నీ ఒక్కసారి మార్చకండి. ముందు సంచి మార్చండి, ఎందుకంటే పాత సంచిలో కొత్త బరువు పెడితే దెబ్బ తగిలేది మీ భుజాలకే. తర్వాత నీళ్ల డబ్బాలు: ఒకే పెద్ద డబ్బా కన్నా నాలుగు చిన్నవి మేలు, ఒకటి చిల్లి పడినా మూడు మిగులుతాయి. ఆ తర్వాతే గుడారం. ఆరేడు వారాల పాటు వారానికి కిలో రెండు కిలోలు పెంచుకుంటూ ఇంటి దగ్గర నడవండి. మోకాళ్లకు దిగుడే కష్టం, అందుకని కాపరి కర్రను మరవకండి. మీ బరువులో పావు వంతు దాటకుండా చూసుకోండి. పిల్లలు వెంట ఉంటే వాళ్లకు పదోవంతు చాలు. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బడిసంచి విధానం పెట్టిన హద్దు కూడా అదే.

తిండిలో మాత్రం తేలికతనం పాటించండి. వంద గ్రాముల అన్నంలో 130 క్యాలరీలుంటే, వంద గ్రాముల వేరుసెనగ పప్పులో 560కి పైగా ఉంటాయి. వేరుసెనగ ఉండలు, అటుకులు, నువ్వులుండలు తీసుకుంటే తిండిలో తగ్గిన బరువును నీళ్లకు కేటాయించవచ్చు.

మాచర్లకు పడమటి నల్లమల నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టకండి, నిప్పు ముట్టించకండి. ఎక్కడ తిరిగినా ఖాళీ సీసాలు మీతోనే వెనక్కి తెచ్చుకోండి. నిండుగా ఉన్నప్పుడు మోసినవాళ్లకు ఖాళీవి భారం కావు.

అల్ట్రాలైట్ మనకు ఒక మంచి ప్రశ్న నేర్పింది: ఇది లేకుండా గడవదా? ఆ ప్రశ్నను ప్రతి వస్తువునూ అడగండి. అయితే జవాబు నడిచే నేల ఇవ్వాలి, సంచి అమ్మేవాళ్లు కాదు. పల్నాడులో సంచి సర్దుకునేటప్పుడు ముందు నీళ్లు పెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాతే తూకం వేయండి.